సీటుకు దారి చెప్పేదెవరు?

ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దళిత విద్యార్థికి 2024లో ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. తండ్రి రోజుకూలీ. సీటును ఖాయం చేసుకోవడానికి కట్టవలసిన 17,500 రూపాయలను ఆ కుటుంబం ఊళ్లోవాళ్ల దగ్గర పోగుచేసే సరికి జూన్ 24 సాయంత్రం అయిదు గంటల గడువుకు నిమిషాలే మిగిలాయి. చెల్లింపు పూర్తికాకుండానే పోర్టల్ మూతపడింది, సీటు పోయింది. హైకోర్టుల గడప తొక్కిన తర్వాత చివరికి సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకున్న విశేషాధికారాన్ని ఉపయోగించి ఆ విద్యార్థికి సీటు ఇప్పించింది. అంతకు మూడేళ్ల ముందు, 2021 నవంబరులో, ఐఐటీ బొంబాయిలో సీటు పొంది, రుసుము చెల్లింపులో తలెత్తిన సాంకేతిక లోపం వల్ల దాన్ని కోల్పోయిన మరో దళిత విద్యార్థికీ ఇదే న్యాయస్థానం ఇదే అధికారంతో న్యాయం చేసింది.

ఈ రెండు ఉదంతాలను పత్రికలు మానవీయ తీర్పులుగా రాశాయి. అవి మానవీయ తీర్పులే. అయితే వాటిలో మనం గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ ఇద్దరికీ చదువు లోపించలేదు, ర్యాంకు లోపించలేదు, రిజర్వేషన్ లోపించలేదు. ర్యాంకుకూ తరగతి గదికీ మధ్య ఉన్న కొద్ది దూరంలో చేయి పట్టుకుని నడిపించే వ్యవస్థ లోపించింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగిన ఇద్దరి సంగతి మనకు తెలిసింది. వెళ్లలేక ఊళ్లోనే డిగ్రీలో చేరిపోయినవారి లెక్క ఎక్కడా నమోదు కాదు.

సరిగ్గా ఈ దూరం మీదే ఇప్పుడొక వ్యాపారం నిలబడింది. ఎంట్రన్సు ఫలితాలు వెలువడే వేళకు మన నగరాల్లో గోడలన్నీ ‘అడ్మిషన్ గైడెన్స్’ ప్రకటనలతో నిండిపోతాయి. వెబ్ ఆప్షన్లు పెట్టించడానికి కొందరు, జోసా కౌన్సెలింగ్ ముగిసేదాకా తోడుండడానికి కొందరు, నీట్ ర్యాంకుకు ఏ రాష్ట్రంలో సీటు వస్తుందో చెప్పడానికి మరికొందరు రుసుము తీసుకుంటున్నారు. విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవాళ్లకు జూన్, జూలై నెలల్లో ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే: ‘సార్, కన్సల్టెంటుకు డబ్బు కట్టమంటారా, వద్దా?’ అడిగేవారిలో చాలామంది తమ ఇంట్లో మొదటిసారిగా ఇంటర్మీడియట్ దాటినవారు. కాబట్టి దీన్ని కేవలం ఖర్చూ లాభమూ లెక్క వేసి జవాబు చెప్పదగిన వినియోగదారుడి ప్రశ్నగా చూడలేం. మన సమాజంలో సమాచారం ఏ కులాల ఇళ్లలో ఉచితంగా దొరుకుతుంది, ఏ కులాల ఇళ్లకు అది అమ్ముడుసరుకుగా చేరుతుంది అన్నది దీని అసలు రూపం.

ముందుగా ఈ సలహాదారులు అమ్ముతున్నదేమిటో చూద్దాం. ప్రకటనల్లో ప్రధానంగా కనబడేది ‘మీ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది’ అన్న జోస్యం. ఇందుకు ఆధారం గత సంవత్సరపు చివరి ర్యాంకుల పట్టిక. కాలేజీలవారీగా, బ్రాంచీలవారీగా, సామాజిక వర్గాలవారీగా, బాలబాలికలకు వేరువేరుగా ఆ పట్టికను రెండు తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్ అధికారులే తమ వెబ్‌సైట్లలో పెడుతున్నారు. ఐఐటీలు, ఎన్ఐటీల ప్రారంభ, ముగింపు ర్యాంకులను జోసా రౌండ్లవారీగా ప్రకటిస్తుంది. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా చూసుకోగలిగినవే. 

రెండో సరుకు ‘ఆప్షన్ల క్రమంలోని రహస్యం’. పైన పెద్ద కాలేజీ పేరు రాస్తే కింది కాలేజీ చేజారుతుందని, కాబట్టి క్రమాన్ని తెలివిగా పేర్చాలని తల్లిదండ్రులను భయపెడతారు. వాస్తవానికి కేటాయింపు పద్ధతి అలా ఉండదు. కంప్యూటర్ ర్యాంకుల క్రమంలో విద్యార్థులను తీసుకుని, ప్రతి ఒక్కరి జాబితానూ పైనుంచి కిందకు చూస్తూ, ఆ ర్యాంకుకూ ఆ వర్గానికీ అందుబాటులో ఉన్న మొదటి సీటును కేటాయిస్తుంది. రాని కాలేజీని పైన రాసినంత మాత్రాన వచ్చే కాలేజీ పోదు. జోసా వాడే పద్ధతి కూడా విద్యార్థి తన నిజమైన ఇష్టాన్ని ఉన్నదున్నట్టు రాస్తే నష్టపోని విధంగా రూపొందించినదే. నష్టమల్లా తక్కువ ఆప్షన్లు రాయడంలోనూ, రెండో విడతలో ఇప్పటికే వచ్చిన సీటు కంటే తక్కువ నచ్చిన కాలేజీని మళ్లీ జాబితాలో చేర్చడంలోనూ ఉంది. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటిది దానంతటదే రద్దవుతుంది. ఈ రెండు వాక్యాలు తెలిసిన విద్యార్థికి ఆ ‘రహస్యం’ కొనవలసిన అవసరం లేదు.

పైగా ఆ జోస్యానికి కూడా ఇప్పుడు పునాది కదిలింది. ఎస్సీల వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పిన తర్వాత, తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది. 59 ఎస్సీ కులాలు మూడు గ్రూపులై, 15 శాతం వాటా 1, 9, 5 శాతాలుగా విడిపోయింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే నెలలో 1, 6.5, 7.5 శాతాలుగా విభజించింది. అంతకు ముందరి ఏ సంవత్సరపు ‘ఎస్సీ చివరి ర్యాంకు’ పట్టికా ఇక ఎస్సీ విద్యార్థికి యథాతథంగా పనికిరాదు. గత పదేళ్ల కటాఫ్‌ల అనుభవం తమకున్నదని చెప్పుకునే సలహాదారు, అత్యంత వెనుకబడిన గ్రూపులోని విద్యార్థికి ఆ అనుభవంతో చెప్పగలిగింది చాలా తక్కువ. 

అయితే ప్రవేశాలలో తెలుసుకోవలసింది ఏమీ లేదనుకుంటే పొరపాటు. తెలుసుకోవలసింది చాలా ఉంది. అది కటాఫ్‌లలో కాక నిబంధనలలో ఉంది. తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ఉన్నా, ఐఐటీ ప్రవేశానికి రాష్ట్ర కుల ధ్రువపత్రం చాలదు. కేంద్ర నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయిన నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. అది సమయానికి చేతికి రాకపోతే ఓబీసీ విద్యార్థి జనరల్ అభ్యర్థిగా మారిపోతాడు. 2017 నుంచి క్రీమీలేయర్ ఆదాయ పరిమితి 8 లక్షలు. ఆదాయ పరీక్షలో జీతాన్నీ వ్యవసాయాదాయాన్నీ కలపరాదని 1993 నాటి కేంద్ర ఉత్తర్వు చెబుతోంది. తల్లిదండ్రుల ఉద్యోగ హోదాను వేరుగా చూస్తారు. ఇది తెలియక, తండ్రి జీతాన్ని లెక్కవేసుకుని ‘మాకు వర్తించదులే’ అనుకునే చిన్న ఉద్యోగుల కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి.

ఫీజుల సంగతీ అంతే. ఐఐటీలో ఏడాదికి రెండు లక్షల ట్యూషన్ ఫీజు అని విని వెనుదిరిగే కుటుంబాలకు, 2016లో ఆ ఫీజు పెంచినప్పుడే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, ఏడాదికి లక్ష రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు దాన్ని పూర్తిగా మినహాయించారని, 5 లక్షల లోపు ఆదాయమున్న వారికి మూడింట రెండు వంతులు తగ్గించారని ఎవరు చెప్పాలి? ఓపెన్ కేటగిరీలో ఎంపిక కాదగిన రిజర్వుడు విద్యార్థి, మెరుగైన కాలేజీ కోసం రిజర్వుడు సీటును కోరుకోవచ్చని, అయినా అతణ్ని రిజర్వేషన్ కోటాలో లెక్కించరాదని 1996లో రితేష్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? ఈ సూత్రం అమలు కాని చోట నష్టపోయేది ఒక విద్యార్థి కాదు, ఒక వర్గానికి దక్కవలసిన మొత్తం సీట్ల సంఖ్య.

ఇదంతా జీవోల్లో, సమాచార పుస్తికల్లో ఉన్నదే. ఉన్నదాన్ని చదివి అర్థం చేసుకోగల మనిషి ఇంట్లో ఉండడమే అసలు తేడా. తండ్రి ఇంజినీరు, మేనమామ ప్రొఫెసర్, పిన్ని కూతురు నిరుడే ఎన్ఐటీలో చేరింది అనే ఇంట్లో ఈ పరిజ్ఞానం భోజనాల బల్ల దగ్గరే అందుతుంది. ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బోర్డ్యూ దీన్ని సాంస్కృతిక, సామాజిక పెట్టుబడి అన్నాడు. మన దేశంలో ఆ పెట్టుబడి తరతరాలుగా కులం వెంట ప్రవహించింది. బంధుత్వం కులం లోపలే జరుగుతున్నంత కాలం, బంధువుల ద్వారా అందే సమాచారం కూడా కులం లోపలే తిరుగుతుంది. ఆ ఇళ్లలో పుట్టిన విద్యార్థి సలహాను కొననవసరం లేదు. కొన్నా అది అదనపు ధీమా. ఎక్కువ అవసరమున్న విద్యార్థికేమో కొనే స్తోమత లేదు. కొన్నా దాని నాణ్యతను అంచనా వేసే ఆధారం లేదు. సలహా మార్కెట్‌లోని మౌలిక వైరుధ్యం ఇదే.

దీనికి రెండో వైరుధ్యం తోడవుతుంది: సలహాదారు ఎవరి కోసం పనిచేస్తున్నాడన్నది. విద్యార్థి దగ్గర రుసుము తీసుకునేవారిలో కొందరు సీటుకింత అని కాలేజీల నుంచీ కమీషన్ పుచ్చుకుంటారు. అసలు రుసుమే వద్దనేవారైతే ఆ కమీషన్ మీదే బతుకుతారు. కాలేజీల తరఫున ఇల్లిల్లూ తిరిగే పీఆర్వోలు విద్యార్థుల పాస్‌వర్డులు, ఓటీపీలు తీసుకుని తామే ఆప్షన్లు పెట్టేయడం మన ప్రాంతంలో కొత్త సంగతేమీ కాదు. ఇక్కడ నష్టం ఒక చెడ్డ కాలేజీతో ఆగదు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి. రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించేది వాటికే. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో నిమిత్తం లేకుండా, బీసీ విద్యార్థులకు పదివేల లోపు ర్యాంకు ఉంటే పూర్తిగా, ఆపైన ఏడాదికి 35,000 రూపాయల దాకా ప్రభుత్వం చెల్లించవలసి ఉంది. మేనేజ్‌మెంట్ కోటా సీటులో చేరిన మరుక్షణం ఆ హక్కు పోతుంది. కానీ దళారీకి కమీషన్ దొరికేది ఆ మేనేజ్‌మెంట్ సీటు మీదే. ‘కన్వీనర్ కోటాలో మంచి బ్రాంచి రాదు, ఇక్కడ కంప్యూటర్ సైన్స్ ఇప్పిస్తా’ అన్న మాట వెనుక ఉన్నది ఈ లెక్క.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వచ్చాక ఈ మళ్లింపు ఇంకా విస్తరించింది. తెలంగాణ 2018 నాటి ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 25 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది కానీ ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లను తప్పనిసరి చేయలేదు. ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్లకు వీలు కల్పించే 15(5) అధికరణం 93వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరి 20 ఏళ్లు అయింది. దాన్ని సుప్రీంకోర్టు 2014లో సమర్థించింది. ఆ అధికరణాన్ని ప్రైవేటు ఉన్నత విద్యలో అమలు చేసే చట్టం తేవాలని పార్లమెంటు స్థాయీ సంఘం 2025 ఆగస్టులో సిఫారసు కూడా చేసింది. అటువంటి చట్టం రానంత కాలం, ఈ సంస్థల వైపు విద్యార్థిని నడిపించే ప్రతి సలహా అతణ్ని రిజర్వేషన్ పరిధి దాటించే సలహాగానే పనిచేస్తుంది. 

విదేశీ చదువుల సలహా సంస్థల్లో ఈ ప్రమాదం మరింత తీవ్రం. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ ఉదంతాన్ని తెలుగు సమాజం మరచిపోరాదు. వలస ఉల్లంఘనలను పట్టుకోవడానికి అమెరికా అధికారులే మిషిగన్‌లో ఒక బూటకపు విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పారు. అందులో చేరిన సుమారు 600 మందిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు ఎక్కువ. విద్యార్థులను చేర్పించి కమీషన్ పుచ్చుకున్నారన్న అభియోగంపై అరెస్టయిన ఎనిమిది మందీ మనవారే. అమెరికా ప్రభుత్వపు పద్ధతిని తప్పుపట్టవచ్చు, పట్టాలి కూడా. కానీ తోటి తెలుగువాడన్న నమ్మకమే అక్కడ దళారీ పెట్టుబడి అయింది. అదే సమయంలో అంబేడ్కర్, జ్యోతిబా ఫూలే పేర్లతో ఉన్న విదేశీ విద్యానిధి పథకాల కింద తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల రూపాయల దాకా సహాయం అందిస్తోంది. అర్హత ఉండి కూడా ఆ పథకం గురించి తెలియక వడ్డీకి అప్పు తెచ్చి కన్సల్టెంటు గడప తొక్కే విద్యార్థి ఉన్నాడంటే, ఆ తప్పు అతనిది కాదు.

దీనికి ఒక సహేతుకమైన ఎదురువాదన ఉంది. కొన్ని వేల రూపాయలు పెట్టి నాలుగేళ్ల చదువునూ నలభై ఏళ్ల ఉద్యోగ జీవితాన్నీ భద్రం చేసుకోగలిగితే అది దండగ ఎలా అవుతుంది? కోచింగ్‌కు లక్షలు పోసినవారు సలహాకు వేలు పెట్టడంలో తప్పేముంది? నిజాయితీగా పనిచేసే సలహాదారులు లేరా? ఉన్నారు. అనేక రాష్ట్రాల కౌన్సెలింగ్‌లలో ఒకేసారి పాల్గొనవలసిన నీట్ విద్యార్థికి, గడువులు గుర్తుచేసి పత్రాలు సరిచూసే మనిషి నిజంగానే ఉపయోగపడతాడు. కాబట్టి డబ్బు కట్టడమే తప్పని నేను అనను. కట్టే ముందు మూడు విషయాలు చూసుకోవాలంటాను. ఏ కాలేజీ నుంచీ తాను ఏమీ తీసుకోవడం లేదని ఆ సలహాదారు రాతపూర్వకంగా చెప్పగలడా? కాలేజీ పేర్లు చెప్పడానికి ముందు మీ కులం, ఆదాయం, స్థానికత పత్రాలను, వాటి తేదీలను అడిగాడా? మీ పాస్‌వర్డు, ఓటీపీ మీ దగ్గరే ఉంచమన్నాడా? ఈ మూడింటికీ అవునన్న జవాబు రాకపోతే ఆ డబ్బు దండగ మాత్రమే కాదు, హాని కూడా. ఈ మూడింటికీ అవునన్నప్పటికీ, అతడు చెప్పేది ప్రభుత్వం ఉచితంగా చెప్పవలసిన విషయమేనన్న నిజం మారదు.

ఈ సందర్భంలో అంబేడ్కర్ జీవితంలోని ఒక ఘట్టాన్ని గుర్తుచేసుకోవాలి. 1907లో భీమారావు మెట్రిక్యులేషన్ పూర్తిచేసినప్పుడు ఆయన ప్రతిభను గుర్తించినవారిలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు ఉన్నారు. తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆ కుర్రవాడికి బహూకరించారు. చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరకు తీసుకెళ్లి విద్యార్థి వేతనం ఇప్పించారు. ఆ బరోడా సంబంధమే 1913లో అంబేడ్కర్‌ను కొలంబియా విశ్వవిద్యాలయానికి చేర్చింది. కేలూస్కర్ చేసింది నేటి భాషలో అడ్మిషన్ గైడెన్సే. తేడా ఏమిటంటే ఆయన రుసుము తీసుకోలేదు, కమీషన్ తీసుకోలేదు. అయితే ఒక జాతి భవితవ్యం ఒక మంచి మనిషి తారసపడడం మీద ఆధారపడరాదు. అంతకు పాతికేళ్ల ముందు, 1882లో, హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞప్తిలో జ్యోతిబా ఫూలే ఎత్తి చూపింది అదే: రైతుల శ్రమ నుంచి వచ్చిన రాబడితో నడిచే ఉన్నత విద్య పైవర్గాలకే చేరుతున్నదని. విద్య ఉండడం వేరు, అది చేరడం వేరు అన్న ఎరుక ఫూలేకు అప్పుడే ఉంది.

ఆ చేరవేతను సంస్థాగతం చేయగలమని తెలుగు నేల ఒకసారి నిరూపించింది కూడా. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్య, ఆ తర్వాత సాంఘిక, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలుగా విస్తరించి, బోధనతో పాటు దరఖాస్తు నింపడం నుంచి కళాశాలలో చేర్చడం దాకా విద్యార్థి వెంట నిలిచే సంప్రదాయాన్ని పెంచింది. గురుకులం బయట, ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో, ఊరి చివరి ప్రైవేటు కాలేజీల్లో చదివే లక్షలాది పిల్లలకు ఆ నీడ లేదు. 

చేయవలసింది అసాధ్యమైనదేమీ కాదు. ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో శిక్షణ పొందిన ఒక అధ్యాపకుడిని ప్రవేశాల సలహాదారుగా నియమించి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అదే అతని విధిగా చేయవచ్చు. ఇప్పుడున్న హెల్ప్‌లైన్ కేంద్రాలు పత్రాల పరిశీలనకే పరిమితమవుతున్నాయి. వాటిలో ఆప్షన్ల సలహాను కూడా బాధ్యతగా చేర్చాలి. నాన్ క్రీమీలేయర్ పత్రాల కోసం ఏప్రిల్ మొదటివారంలోనే కళాశాలల్లో రెవెన్యూ అధికారులు శిబిరాలు పెట్టాలి. వర్గీకరణ తర్వాతి చివరి ర్యాంకులను గ్రూపులవారీగా, తెలుగులో, ఆప్షన్లు మొదలయ్యే ముందే ప్రకటించాలి. రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైనవారి సీటు అంగీకార రుసుమును ప్రభుత్వమే ముందుగా జమచేసి తర్వాత సర్దుబాటు చేసుకోవాలి. రుసుము తీసుకునే ప్రతి సలహా సంస్థనూ నమోదు చేసి, కాలేజీల నుంచి అందే కమీషన్‌ను బహిరంగంగా వెల్లడించే నిబంధన తేవాలి. కౌన్సెలింగ్‌కు ముందు పాస్‌వర్డులు సేకరించే కాలేజీలపై గుర్తింపు రద్దు దాకా చర్యలుండాలి.

చివరిగా రాజకీయ శ్రేణులకూ విద్యార్థి సంఘాలకూ ఒక మాట. మన పోరాటాలన్నీ శాతాల చుట్టూ తిరుగుతున్నాయి. బీసీలకు 42 శాతం కోసం తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో బిల్లు ఆమోదించింది. వర్గీకరణ కోసం మూడు దశాబ్దాల ఉద్యమం నడిచింది. ఆ పోరాటాలు న్యాయమైనవి, అవసరమైనవి. కానీ శాతం ఖరారైన రోజు నుంచి సీటు చేతికి వచ్చే రోజు దాకా ఉన్న నిబంధనలు, గడువులు, పత్రాలు, పోర్టళ్లు కూడా సామాజిక న్యాయంలో భాగమేనని గుర్తించకపోతే, గెలిచిన శాతం కాగితం మీదే మిగిలి, దాని ఆచరణ దళారీ చేతికి పోతుంది. ఈ వేసవిలో ప్రతి విద్యార్థి సంఘం తన మండలంలో ఒక బల్ల వేసుకుని, చివరి ర్యాంకుల పట్టికనూ నిబంధనల పుస్తికనూ ముందు పెట్టుకుని నెల రోజులు కూర్చుంటే, ‘కన్సల్టెంటుకు డబ్బు కట్టమంటారా’ అన్న ప్రశ్న ఆ మండలంలో చాలామంది అడగవలసిన అవసరం ఉండదు.